ఎలాస్టిక్ లేని లోదుస్తుల కోసం ఒక ఆదివారం

కడుపు ఆపరేషన్ అయి నెల దాటినా, ఎలాస్టిక్ తగిలితే చాలు మచ్చ భగ్గుమంటోంది. కూర్చుంటే మంట, నిలబడితే గుంజుడు. ఇంట్లో మా ఆయన లుంగీతో నెట్టుకొచ్చాను కానీ సోమవారం నుంచి ఆఫీసు. జర్మనీలో మేముండే ఎర్లాంగెన్ దుకాణాల్లో దేనికి చూసినా ఎలాస్టిక్కే. అలా వెతుకుతుంటే ఒక పల్లె మ్యూజియం గురించి తెలిసింది. పంతొమ్మిదో శతాబ్దంలో ఆడవాళ్లు చేత్తో కుట్టుకున్న నూలు లోదుస్తులు అక్కడున్నాయట, నడుముకు బొందులేనట. "లోబట్టలు సూడనీకి మ్యూజియం పోతవా? పిచ్చి లేసిందా ఏంది?" అన్నాడు మా ఆయన. లేచింది మరి! ఆదివారం పదకొండింటికి బయల్దేరాను.

న్యూరెంబర్గ్‌లో రైలు మారాలి. రెండో రైలు ఆలస్యం. ప్లాట్‌ఫారం మీద కాలుగాలిన పిల్లిలా తిరిగాను, రైలెక్కాక కూడా సీటుండీ నిలబడే ఉన్నాను. నెలవారీ టికెట్ ఉంటే వేరే ఖర్చు లేదు. స్టేషన్ నుంచి పావుగంట ఎత్తుదారి, ప్రవేశం నాలుగు యూరోలు.

గాజు పెట్టెలో మోకాళ్ల కిందికి దిగే తెల్లటి లాగు ఉంది. రెండు కాళ్లనూ నడుము పట్టీ దగ్గర మాత్రమే కలిపారు, మధ్యలో కుట్టే లేదు.

"చిరిగిందా అండీ?" అని అడిగాను, అక్కడ చూసుకునే పెద్దావిడను.

"లేదు, అలాగే కుట్టేవారు. ఒంటికెళ్లేటప్పుడు అన్ని లంగాలెత్తుకుని మళ్లీ ఇదెక్కడ విప్పుతారు?"

కొలతలు తీసుకుంటానంటే పెట్టె తెరవడం కుదరదంది. నాకు ఏడుపొచ్చింది. ఆపరేషన్ సంగతి చెప్పాను. ఆవిడ లోపలికెళ్లి ఇంకో లాగు తెచ్చింది. "దీని బొందు లోపలికి పోయింది, అందుకే బయట పెట్టలేదు."

ఆ బాధ నాకు తెలియనిదా! చేతులు కడుక్కొచ్చి, బొందు పూర్తిగా లాగేసి, నా గొలుసుకున్న పిన్నీసు చివర గుచ్చి మళ్లీ ఎక్కించసాగాను. అప్పుడు కనిపించింది: నడుము మధ్యలో బొందు బయటికొచ్చే రంధ్రాన్ని ఎవరో సన్నటి కుట్లతో మూసేసి, పక్కన కొత్తది చేసుకున్నారు.

"ముడి కడుపు మీద పడకుండా," అన్నాను.

ఆవిడ నా కడుపు వైపు చూసి, ఆకారం గీసుకోమని పాత పేపరు పరిచింది.

ఆ లాగు ఎవరిదో, ఆమెకేమైందో ఎవరికీ తెలీదు. నెల రోజులుగా నొప్పి నా ఒక్కదానికేనన్నట్టు విసుక్కున్నాను. తిరుగు రైల్లో మొదటిసారి కాసేపు కూర్చున్నాను. సోమవారం మీటింగంతా కదలకుండా కూర్చున్నాను, రాత్రికి రాత్రే కుట్టుకున్న లాగుకు ముడి పక్కకే కట్టుకుని. మీరూ వెళ్తే ఒక్క మాట: ఆ మ్యూజియం తెరిచేది ఆదివారమే, ఆ రోజు బట్టల దుకాణాలుండవు. నూలు బట్ట శనివారమే కొనిపెట్టుకోండి. మా ఆయన ఇంకా లుంగీ వెతుక్కుంటున్నాడు.