దిగుడులో న్యూట్రల్

ఆ డీజిల్ పికప్‌ని నా ఒంటికన్నా ఎక్కువగా చూసుకున్నాను. ఈ మాట గొప్పకు చెప్పడం లేదు. నా మీద నాకే ఒళ్ళు మండి చెబుతున్నాను.

రాస్ అల్ ఖైమాలో ఒక అరబ్బుల ఇంట్లో ఆరేళ్ళు డ్రైవరుగా చేశాను. నా కఫీల్, అంటే నా వీసాకు పూచీ ఉన్నవాడు, ఆ ఇంటి యజమానే. ఆయన్ని అర్బాబ్ అని పిలిచేవాణ్ణి. చలికాలం వచ్చిందంటే ఆయనకు ఇంట్లో కాలు నిలిచేది కాదు. గురువారం మధ్యాహ్నం కాగానే కుటుంబాన్నంతా తీసుకుని ఎడారికో సముద్రపు ఒడ్డుకో బయలుదేరేవాడు. వాళ్ళు పెద్ద కారులో ముందు వెళ్తే, వెనక నేను పికప్‌కు ట్రైలర్ తగిలించుకుని వెళ్ళేవాణ్ణి. అది ట్రైలర్ అంటే ట్రైలర్, ఇల్లంటే ఇల్లు. రెండు మంచాలు, గ్యాసు పొయ్యి, చేతులు కడుక్కునే తొట్టి, ఇంటావిడ గాజు సామాను పెట్టుకునే అల్మరా, అన్నీ అందులోనే ఉండేవి.

రోజూ పొద్దున్నే డీజిల్ ఫిల్టర్ అడుగున చేరిన నీళ్ళు వదిలేవాణ్ణి. అక్కడి దుమ్ముకు ఎయిర్ ఫిల్టర్ ఊరికే మూసుకుపోయేది, వారానికోసారి విప్పి గాలి కొట్టించేవాణ్ణి. తాళం తిప్పాక హీటర్ లైటు ఆరేదాకా ఆగి అప్పుడే స్టార్టు చేసేవాణ్ణి. ట్రైలర్ తగిలించే చోట గ్రీజు, దానికి వేసే గొలుసు, చక్రాల నట్లు, అన్నీ చేత్తో తడిమి చూస్తే గానీ నాకు నిద్ర పట్టేది కాదు. పక్కింటి డ్రైవరుది నెల్లూరు. "ఏంది భాయ్, బండికి తలంటు పోస్తుండావా?" అని ఏడిపించేవాడు.

ఇంత చేసినవాణ్ణి రెండు సంగతులు గాలికి వదిలేశాను. ట్రైలర్ చక్రాలకు వేరే బ్రేకులు ఉండాలి. ఉండేవి కూడా. అర్బాబ్ దాన్ని పాతది కొన్నాడు. అప్పటికే అవి తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంటే విప్పించి పారేయించాడు. దాంతో ఆ బరువంతా పికప్ బ్రేకుల మీదే పడింది. చదును రోడ్ల మీద ఆ తేడా తెలిసేది కాదు కాబట్టి నేనూ నోరు మెదపలేదు.

రెండోది నా అలవాటు. గల్ఫ్‌కు రాకముందు కడపలో పదకొండేళ్ళు లారీ తోలాను. ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ కొట్టి బండిని వదిలేయడం మా లారీవాళ్ళకు ఉగ్గుపాలతో అబ్బినంత సహజం. ఇంజను ఊరికే తిరుగుతూ ఉంటుంది, బండి తన బరువుకు తానే దిగిపోతుంది, నాలుగు చుక్కల డీజిల్ మిగులుతుంది. అట్లా మిగిల్చినవాడే మా దగ్గర మొనగాడు. రాస్ అల్ ఖైమాలో ఆ డీజిల్ మిగిల్చి నేను బాగుపడేది లేదు, అర్బాబ్ ఏనాడూ అడిగిందీ లేదు. అయినా దిగుడు కనిపిస్తే చాలు, చెయ్యి దానంతట అదే గేరు రాడ్డు మీదికి పోయేది.

సనాయ్యాలో, అంటే ఊరి బయట షెడ్లన్నీ ఉండే చోట, మా బండి చూసే పెషావర్ మెకానిక్ ఒకడున్నాడు. ఒకసారి నా పక్కన కూర్చుని వస్తూ ఇది కనిపెట్టాడు. "ఉస్తాద్, పీఛే పూరా ఘర్ బాంధా హై. గేర్ మే ఉతారో," అన్నాడు. వెనక ఇల్లు కట్టుకుని తిరుగుతున్నవాడివి, గేర్లోనే దించు, బరువును ఇంజను ఆపుకుంటుంది, లేకపోతే అంతా బ్రేకుల మీదే పడుతుంది అని చెప్పడం. "మై గ్యారా సాల్ లారీ చలాయా భాయ్," అన్నాను. పదకొండేళ్ళ పొగరు అది.

రెండు వేల అయిదో సంవత్సరం చలికాలంలో ఒక గురువారం సముద్రపు ఒడ్డుకు బయలుదేరాం. అర్బాబ్ చెల్లెలి పిల్లలు కూడా రావడంతో కారు నిండిపోయింది. వంట మనిషికి చోటు లేకపోయింది. ఆమెది తూర్పు గోదావరి. పిల్లలిద్దరినీ తల్లి దగ్గర వదిలి వచ్చింది. నన్ను అన్నయ్యా అనేది. నా పక్క సీటు ఖాళీగానే ఉంది, కానీ పరాయి మగవాడి పక్కన ఆడమనిషి ఒంటరిగా కూర్చోవడం ఆ ఇంట్లో కుదరదు. ఇంటావిడను మేం మామా అనేవాళ్ళం, అక్కడ అమ్మా అని పిలవడం అది. ఆవిడ ట్రైలర్ తలుపు తీసి, "యల్లా, ఎక్కు," అంది.

నేను అడ్డు చెప్పలేదు. పైగా అదే మర్యాద అనుకున్నాను. ఆమె పక్కన కూర్చుంటే దారంతా ఏం మాట్లాడాలో తెలియక నేనే చచ్చేవాణ్ణి. ట్రైలర్ తలుపు దారిలో తెరుచుకోకుండా బయటి నుంచి గొళ్ళెం పెట్టిందీ నేనే.

"మంచం కోడు గట్టిగా పట్టుకో చెల్లెమ్మా," అన్నాను.

"ఆయ్, పట్టుకుంటానండి అన్నయ్యా. మీరు నెమ్మదిగా పోనివ్వండి, చాలు," అంది లోపలి నుంచి.

మసాఫీ ఊరు దాటాక రోడ్డు కొండల మధ్య నుంచి సముద్రం వైపు దిగుతుంది. అర్బాబ్ కారు ముందు మలుపులో కనబడకుండా పోయింది. నేను న్యూట్రల్ కొట్టాను.

రెండు మలుపులు బ్రేకు తొక్కుతూ హాయిగా దిగాను. మూడో మలుపుకు ముందు కాలుతున్న వాసన వచ్చింది. ముందెవడో లారీవాడు బ్రేకు కాల్చుకుంటున్నాడు అనుకున్నాను. చూస్తే ముందు ఎవరూ లేరు. బ్రేకు తొక్కితే తడిబట్టను తొక్కినట్టు పెడల్ మెత్తగా లోపలికి పోయింది. మళ్ళీ తొక్కాను. బండి ఆగడం మాట అటుంచి, వెనక నుంచి ట్రైలర్ నన్ను నెట్టడం మొదలుపెట్టింది. మలుపు ఎట్లా తిప్పానో నాకే తెలియదు. తిరిగిన తర్వాత ముందున్నదంతా తిన్నగా దిగుడే. కుడి పక్క లోయ, ఎడమ పక్క కొండ. ముల్లు తొంభై దాటుతోంది.

గేరు వేయబోయాను. కరకరమని అరిచింది, పడలేదు. మళ్ళీ నెట్టాను, రాడ్డు నా చేతినే వెనక్కి తన్నింది. ఇక అయిపోయింది అనుకున్నాను.

ఇప్పుడు చెప్పేది ఇన్నేళ్ళలో మా ఆవిడకు కూడా చెప్పలేదు. నా చెయ్యి తలుపు పిడి మీదికి పోయింది. కొండవైపు కొంచెం మెత్తటి మట్టి కనిపించింది. దూకితే కాలో చెయ్యో విరుగుతుంది, ప్రాణం మిగులుతుంది. ఆ లెక్క వేయడానికి నాకు క్షణం కూడా పట్టలేదు. పిడి లాగాను. తలుపు బెత్తెడు తెరుచుకుంది, గాలి రివ్వుమని లోపలికి కొట్టింది.

అప్పుడు వెనక నుంచి చప్పుడు వినిపించింది. దబ్, దబ్, దబ్. నిజానికి అది చాలాసేపటి నుంచీ వినిపిస్తూనే ఉంది, గిన్నెలు దొర్లుతున్నాయి అనుకున్నాను. గిన్నెలు అట్లా తెరిపి ఇచ్చి కొట్టవు. ఆమె ట్రైలర్ ముందు గోడను తన్నుతోంది. దూకడానికి ఆమెకు తలుపు లేదు, గొళ్ళెం బయట ఉంది.

తలుపు మూశాను. మంచివాణ్ణయి మూయలేదు. ఆ చప్పుడు వింటూ దూకలేకపోయాను, అంతే. "యా అల్లా, యా అల్లా" అని పిచ్చివాడిలా అరుస్తూ, క్లచ్ తొక్కి, ఎక్సలేటర్ చివరిదాకా తొక్కి పట్టి, ఇంజను గోల పెడుతుండగా మూడో గేరులోకి గుద్దాను. పడింది. క్లచ్ వదలగానే బండి మొత్తం ముందుకు తూలింది. ట్రైలర్ ఒక పక్కకు లాగింది, మళ్ళీ ఇటు వచ్చింది. హ్యాండ్ బ్రేకు పిసరు పిసరుగా లాగుతూ వచ్చాను. దిగుడు చివర రోడ్డు పనికోసం పోసిన కంకర కుప్ప ఉంది. దాంట్లోకి ముక్కు పెట్టి పోనిచ్చాను. బండి సగం మునిగి ఆగింది.

దిగాను. ట్రైలర్ దాకా పాకినట్టే వెళ్ళాను. "చెల్లెమ్మా!" అని పిలిచాను. పలకలేదు. గొళ్ళెం వంగి రాలేదు. రాయి తీసుకుని కొట్టాను. ఆమె చనిపోయి ఉంటే ఏం చేయాలో అప్పటికే ఆలోచిస్తున్నాను. ఆమె ఇంటికి ఎవరు ఫోను చేయాలి, నేనేం చెప్పాలి. ఏడుస్తూ కొట్టాను.

తలుపు ఊడింది. పరుపులు, సామాన్లు అన్నీ నేల మీద పడి ఉన్నాయి. వాటి మధ్య ఆమె నేల మీద కూర్చుని ఉంది. నుదుటి నుంచి రక్తం కారుతోంది. కాళ్ళు ముందు గోడకు తన్నిపెట్టి, అల్మరా తలుపులను రెండు చేతులతో వాటేసుకుని ఉంది. ఎడమ చెయ్యి మోచేతి దగ్గర ఉండకూడని వైపు తిరిగి ఉంది. ఆ చేత్తో కూడా పట్టు వదల్లేదు.

"ఒక్క గ్లాసు కూడా పగల్లేదన్నయ్యా," అంది. "మామాకి చెప్పండి."

వెనక మేం కనబడక అర్బాబ్ కారు తిప్పుకుని వచ్చాడు. ఆయన నోరు తెరిచేలోపలే ఆమె నన్ను చూపించి, "బాబా, హాదా అఖూయ్," అంది. వీడు నా అన్న అని. వచ్చీరాని అరబీలో, బ్రేకులు పోతే వదిలి పారిపోకుండా తనను బతికించానని చెప్పింది. అర్బాబ్ నన్ను కౌగిలించుకున్నాడు. నేను కౌగిలించుకోనిచ్చాను.

తర్వాత బండిని సనాయ్యాకు లాగించాం. పెషావర్ మెకానిక్ చక్రం విప్పి, కాలి నీలంగా మారిన డిస్కులను చూశాడు. "గేర్ కహా థా, ఉస్తాద్?" అని అడిగాడు. గేరు ఎక్కడుంది అని. "బ్రేక్ ఫేల్ హోగయా," అన్నాను. నా మొహంలోకి చూసి, గుడ్డతో చేతులు తుడుచుకుని, "ఖలాస్," అని కొత్తవి వేశాడు. అర్బాబ్‌కు మాత్రం ఏమీ చెప్పలేదు.

నేనూ చెప్పలేదు. చెబితే ఉద్యోగం పోతుందని భయం. అది ఒక సాకు. ఆమె దృష్టిలో నేను దిగజారిపోతానని అంతకన్నా పెద్ద భయం.

ఆమె చేతికి నలభై రోజులు కట్టు ఉంది. కట్టు విప్పిన రోజు మళ్ళీ వంటింట్లోకి వెళ్ళింది. మోచెయ్యి పూర్తిగా చాచడం ఇంక రాదని డాక్టరు చెప్పాడు. ఆ మధ్యాహ్నం గారేజీ పక్కన నా గది దగ్గరికి పళ్ళెం తెచ్చింది. కుడిచేత్తో పట్టుకుని, వంకర తిరిగిన ఎడమ చేతిని కింద ఆనించుకుని వచ్చింది. అన్నం, చేపల పులుసు, పెద్ద ముక్కలు ఏరి వేసింది.

"ఇంట్లో ఎవరికీ ఇంకా పెట్టలేదండి. మొదటి ముద్ద మీరే తినాలని," అంది. "మా అమ్మకి ఫోన్లో చెప్పానండి, ఇక్కడ నాకు సొంతన్న ఉన్నాడు, బెంగ పెట్టుకోవద్దని."

ఎదురుగా నిలబడి చూస్తోంది. చెప్పాలనుకున్నాను. తలుపు తీశాను చెల్లెమ్మా, నిన్ను వదిలేసి దూకబోయాను అని నోటిదాకా వచ్చింది.

"పులుసు బాగుందా అన్నయ్యా?" అంది.

"బాగుందమ్మా," అన్నాను. మెతుకు మిగలకుండా తిన్నాను.