టైపు మిషను బల్ల

డెబ్బైల మొదట్లో నా భార్య టైపు హయ్యర్ పాసై, తిరువూరులో మా ఇంట్లోనే మిషను పెట్టుకుని అర్జీలూ కాగితాలూ కొట్టిపెట్టేది. నేల మీద కూర్చుని, పీట మీది మిషను మీదకు వంగి కొట్టేది.

"నడుం పట్టేస్తోందండీ, ఒక బల్ల చూడండి" అంది.

విస్సన్నపేట దాకా వెళ్ళి చూశాం. నాకు గట్టి టేకు బల్లే కావాలి, మా హెడ్మాస్టరు గదిలో ఉన్నలాంటి బల్ల. చివరికి మా ఊళ్ళోనే ఒక వడ్రంగి షెడ్డులో దొరికింది. ఎవరో ఆసామి చేయించుకుని తీసుకెళ్ళలేదట.

ఆమె కుర్చీలో కూర్చుని బల్ల మీద చేతులు పెట్టి చూసింది. భుజాలు పైకి లేచాయి.

"కొంచెం ఎత్తుగా ఉందండీ."

వడ్రంగి చెవి మీది పెన్సిల్ తీసి, ఒక కాలికి కింది కొస నుంచి మూడంగుళాల ఎత్తున గీత గీశాడు.

"రాసుకోడానికైతే సరే మాస్టారూ. మిషనంటే దాని ఎత్తు కూడా కలుస్తది గదా. ఇక్కడికి కోసిస్తా."

"టేకు కాళ్ళు కోస్తావా?"

"బల్లకేం నొప్పి పుట్టదండీ బాబూ."

"బల్ల ఎత్తు కాదయ్యా, మా ఆవిడ పొట్టి" అన్నాను.

అతను నవ్వాడు. ఆమె కూడా నవ్వి లేచింది. ఆ మాట బాగా కుదిరిందనుకున్నాను. బల్ల చూడటానికి వచ్చినవాళ్ళందరికీ ఆమె ఎదుటే అదే మాట చెప్పాను.

కుర్చీలో రెండు దిండ్లు, ఆమె పాదాల కింద ఇటుక. అలా ఏడేళ్ళు కొట్టింది. మెడ నొప్పికి నేనే నూనె రాసి, "కుదురుగా కూర్చుంటే ఇదంతా ఉండదు" అనేవాణ్ణి. పెన్సిల్ గీత ఆ కాలి మీద అలాగే ఉండేది. ఊడ్చేటప్పుడు ఆమెకూ కనిపించే ఉంటుంది.

ఒక్కసారి అడిగింది. "ఆ మేస్త్రిని పిలవకూడదూ?"

"పాలిష్ పోతుంది" అన్నాను. మళ్ళీ అడగలేదు.

ఆమె జ్వరంతో పోయింది. దానికీ బల్లకూ సంబంధం లేదు. ఆ సంగతి నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను.

నెల తర్వాత అదే వడ్రంగిని పిలిపించాను. గీత చూసి గుర్తుపట్టాడు.

"ఇప్పుడెందుకు మాస్టారూ? మీకు ఈ ఎత్తే బాగుంటది."

"కొయ్యి" అన్నాను.

బల్ల తిరగేసి నాలుగు కాళ్ళూ కోశాడు. పావుగంట పట్టింది. పాలిష్ ఎక్కడా చెదరలేదు.

అతను వెళ్ళాక కుర్చీలోంచి దిండ్లు తీసి కూర్చున్నాను. నా మోకాళ్ళు బల్ల కింద పట్టలేదు.