ప్రభువు బల్ల మీద పేర్లు

దగ్గరికి జరిగి కూర్చోండమ్మా. చేతిలో పనుంటే చేసుకుంటూనే వినండి గానీ, మధ్యలో లేచిపోకండి. ఇది నెత్తురు కారిన సంగతి.

మా ఆయన వడ్రంగి. ద్రాక్షారామం అవతల కాలవగట్టు మీద మా షెడ్డు. ఒక ఏడు మా ఊరి చర్చికి ప్రభువు బల్ల చేసే పని వచ్చింది. రొట్టె, ద్రాక్షరసం పెట్టి పంచే బల్ల అది. టేకు చెట్టు ఇచ్చింది ఇద్దరు అన్నదమ్ములు, చనిపోయిన తండ్రి జ్ఞాపకార్థం. ముందు పలక మీద తండ్రి పేరు, కింద కొడుకుల పేర్లు చెక్కమన్నారు. మా వైపు గుడికైనా చర్చికైనా ఏదిచ్చినా పేరు పడాల్సిందే. ఫ్యాను ఇస్తే రెక్కల మీద రాయిస్తారు, తిరిగేటప్పుడు కనపడకపోయినా సరే.

మా ఆయన పెద్దవాడి పేరు ముందు చెక్కారు. పాలిష్ పెట్టే రోజున అన్నదమ్ములిద్దరూ చూడటానికి వచ్చారు. తమ్ముడు ఆ అక్షరాలు తడిమి చూశాడు.

"చెట్టు నా వాటాలోదండి మేస్త్రి గారూ. నా పేరు వెనకేంటండి?"

"పుట్టడంలోనే వెనకొచ్చావు కదరా," అన్నాడు అన్న నవ్వుతూ.

"నాన్న మంచాన పడ్డప్పుడు ఎవరు ముందున్నారో చెప్పమంటావా? ఒక్కరోజు దుప్పటి మార్చావా నువ్వు?"

అన్న తమ్ముడి చెంప మీద లాగి కొట్టాడు. తమ్ముడు చెక్కపొట్టులో పడి, లేస్తూనే అన్న ముక్కు మీద గుద్దాడు. కొత్త టేకు మీద నెత్తురు చింది పడింది. అంతటితో ఆగలేదు. పక్కనున్న బాడిస, అదే చెక్క చెక్కే పనిముట్టు, తమ్ముడు అందుకుని అన్న పేరు మీద వేటు వేశాడు. చెక్క లేచిపోయింది. మళ్లీ ఎత్తాడు.

"వద్దు బాబూ!" అంటూ మా ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

వేటు పడిపోయింది. మా ఆయన తన చేతిని వింతగా చూసుకున్నారు. కుడిచేతి చూపుడువేలు తోలు పట్టుకుని వేలాడుతోంది. ఆ వేలు పోతే ఉలి పట్టేదెలా, మేం తినేదెలా? చీరకొంగు చించి చుట్టి, ఆటోలో కాకినాడ ఆసుపత్రికి తీసుకుపోయాను.

వేలు కుట్టారు. అతుకుతుందో లేదో చెప్పలేమన్నారు. బయట వరండాలో అన్న ముక్కుకి పట్టీతో నా దగ్గరకొచ్చాడు.

"పోనీలెండమ్మా, వాడి పేరే ముందు వేయించండి. కాకపోతే నా అక్షరాలు కాస్త పెద్దవి..."

ఆసుపత్రి అని కూడా చూడలేదు. చెంప పగిలేలా కొట్టాను.

పొద్దున్నే ఇంటికొచ్చి ఆ బాడిసే తీసుకున్నాను. మా ఆయన నెత్తురు దానిమీద ఎండి ఉంది. కొడుకుల పేర్లు రెండూ గుంట పడేదాకా నరికాను. తండ్రి పేరు ముట్టుకోలేదు. అప్పుడే బల్ల మీద పరిచే గుడ్డ కొలతకని పాస్టరమ్మ గారు వచ్చారు.

"అయ్యో, ఎంత గుంటండీ! పర్లేదులెండి, ముందు వైపు నేల దాకా తెల్లగుడ్డ దిగుతుంది. పలక ఎప్పటికీ ఎవరికీ కనపడదు," అన్నారు.

నేను చెక్కపొట్టులో చతికిలబడి ఏడ్చాను.

వేలు అతికింది గానీ ఇప్పటికీ వంగదు. మా ఆయన నడివేలితో ఉలి పట్టడం నేర్చుకున్నారు.

మీ ఇంట్లో అన్నదమ్ములు ఒకరి కంచంలోది ఒకరు లాక్కుని తినేంత చనువుగా ఉండాలి తల్లీ. మీ వాళ్ల చేతులు చల్లగా, పదివేళ్లతో పదికాలాలు పనిచెయ్యాలి.