అద్దాల మావయ్య నుదురు

మా అమ్మ తమ్ముణ్ణి వీధిలో అందరూ అద్దాల మావయ్య అంటారు. అద్దాలు కోసి, చెక్క చట్రాల్లో బిగించి అమ్ముతాడు. కొట్లో గోడలన్నీ అద్దాలే. పొద్దున తాళం తీసిన దగ్గర్నుంచి సాయంత్రం షట్టర్ దించేదాకా ఎటు తిరిగినా ఆయన మొహమే ఆయనకు ఎదురొస్తుంది. ఆ శిక్ష పగవాడికి కూడా వద్దనుకునేదాన్ని. ఆయనకు మాత్రం ఏ బాధా ఉన్నట్టు కనబడేది కాదు.

కొట్టును ఆనుకునే అత్తయ్య బ్యూటీ పార్లర్. మధ్యలో ఒక చెక్క అడ్డుగోడ. మావయ్య కన్ను ఎప్పట్నుంచో ఆ గది మీదే. పెద్ద గాజు పలకలు నిలబెట్టడానికి చోటు చాలడం లేదని మొదలుపెట్టి, మొహాలకు సున్నం కొట్టడం కూడా ఒక వ్యాపారమేనా అని ముగించేవాడు. "నా మొహం చూడండి. సబ్బు, నీళ్ళు, అంతే. మొగవాడికి ఇంకేం కావాలి?" అని వచ్చిన ప్రతి గిరాకీకీ, అవతలికి వినబడేలా చెప్పేవాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అత్తయ్య తనదని చెప్పుకోవడానికి ఉన్నది ఆ గది ఒక్కటే. అది పోతే ఆ మనిషి ఏమైపోతుందోనని నాకు బెంగగా ఉండేది. ఆమె మాత్రం దారంతో ఎవరివో కనుబొమలు సవరిస్తూ ఉండిపోయేది.

నేను ఒక వైద్య కళాశాలలో టెక్నీషియన్‌ని. చర్మం మీద బతికే బాక్టీరియాను పరీక్షించడం మా పని. నుదుటి మీదా ముంజేతి మీదా ఉండేవి ఒకటేనా, ఆడామగా తేడా ఉందా, మేకప్ వేసుకుంటే ఏమవుతుంది అని మా మేడమ్ పరిశోధన. ఏమీ రాసుకోని మొగవాళ్ళు కావాలనగానే నాకు మావయ్యే గుర్తొచ్చాడు. వీధి వీధంతా సాక్ష్యం చెప్పే మొహం మరి.

అడగ్గానే ఎగిరి గంతేశాడు. "మీ అత్తనూ తీసుకెళ్ళు. ఎవరి మొహం మీద ఎన్ని పురుగులున్నాయో తేలిపోతుంది. దాని మొహం మీద ఎక్కువుంటే పార్లర్ మూసెయ్యాలి. గది నాది."

"అవి పురుగులు కావు మావయ్యా, అందరి ఒంటి మీదా ఉండేవే. మేం చూసేది ఎన్ని రకాలున్నాయనే. ఎక్కువుంటే చెడ్డని ఎవరన్నారు?"

"నువ్వు మీ అత్త పార్టీ."

అత్తయ్య చేతిలో దారం ఆగింది. "మరి మీ మొహం మీదా అన్నే ఉంటే?"

"నీ గది జోలికి జన్మలో రాను."

"సరే అయితే" అందామె. మేకప్ వేసుకునే నుదుళ్ళ మీద రకాలు ఎక్కువే కనబడుతున్నాయని అప్పటికే నాకు తెలుసు. పక్కకు పిలిచి చెబితే, "పోనీలేవే" అని నవ్వింది. నాకు ఒళ్ళు మండింది.

ల్యాబుకు తీసుకెళ్ళి తడి దూదిపుల్లతో ఇద్దరి నుదురూ ముంజెయ్యీ రుద్దాను. క్రీములేమైనా వాడతావా అని అడిగితే, "నన్నా అడిగేది?" అంటూ మావయ్య, పరీక్షకొచ్చి పక్కన కూర్చున్న మొగవాళ్ళకు సబ్బూ నీళ్ళ పురాణం ఎత్తుకున్నాడు.

కొన్ని వారాలకు ఫలితం వచ్చింది. ఇద్దరికీ కలిపే చెప్పమని పట్టుబట్టింది ఆయనే. పార్లర్ గోడ కొలవడానికి టేపు కూడా జేబులో పెట్టుకునే వచ్చాడు.

"ముంజేతుల దగ్గర ఇద్దరికీ పెద్ద తేడా లేదు" అంది మేడమ్. "నుదురు జిడ్డు చోటు, అక్కడి సంగతి వేరు. ఆవిడ నుదుటి మీద రకాలు ఎక్కువ. మేకప్ వేసుకునే మిగతా ఆడవాళ్ళలాగే."

"విన్నావా?" మావయ్య టేపు బయటికి తీశాడు.

"మీ నుదురే మాకు అర్థం కావడం లేదండీ. ఏమీ రాసుకోని మొగవాళ్ళతో కలవడం లేదు, ఆవిడతో కలుస్తోంది. చెప్పకుండా ఏమైనా రాసుకుంటున్నారా?"

గుమ్మడికాయల దొంగ అంటే ఎవడో భుజాలు తడుముకున్నాడట. మా మావయ్య నుదురు తుడుచుకున్నాడు. తెల్లటి రుమాలు మీద లేత గోధుమరంగు మరక పడింది.

"అది సోకు కాదు, మందు" అన్నాడు. మొగవాడు రాసుకుంటే మందు, ఆడది రాసుకుంటే సోకు. ఇంత విజ్ఞానం మా ల్యాబులో ఏ యంత్రానికీ అందలేదు. నాకు పకపకా నవ్వాలనిపించింది. కానీ ఆయన ఆ మరకనే చూస్తూ, "నుదురంతా మంగుమచ్చలే అమ్మాయీ. అన్ని అద్దాల్లో అదే మొహం. ఎంతకని చూసుకోను?" అన్నాడు. నిజంగానే జాలేసింది.

అత్తయ్య ఆ రుమాలు అందుకుని మడతపెట్టింది. "మీ రుమాళ్ళు ఇన్నేళ్ళూ ఉతికింది నేనే కదండీ. ఆ రంగు మీ ఒంటికి నప్పదు, వేరేది ఇస్తాను. ఆ టేపు ఇలా ఇవ్వండి."

మర్నాడు ఆ టేపుతో ఆమె కొలిచింది ఆయన కొట్టు. అద్దాల వెనక మూలలో ఒక కుర్చీ, దానికో తెర. మొగవాళ్ళకట. అద్దం కొనడానికి వచ్చినట్టు వచ్చి తెర వెనక్కి వెళ్ళొచ్చు.

"ఈ వీధిలో మొహానికి రాసుకునే మొగాడు ఇంకెవడున్నాడే?" అన్నాడు మావయ్య.

"చాలామందే ఉన్నారు" అంది అత్తయ్య కుర్చీ తుడుస్తూ. "వాళ్ళ రుమాళ్ళు ఉతికేవాళ్ళంతా నా పార్లర్‌కే కదండీ వచ్చేది."