కుండీలో పులిసిన పాలు

లాండ్రీలో ఆవిణ్ణి అందరూ మరకలమ్మ అనేవారు. బట్ట మీది మరకని చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని, అదేమిటో, ఎన్నాళ్ళదో చెప్పడం ఆవిడ పని. పద్దెనిమిదేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ చెమటా, వాంతులూ, నెత్తురూ ఆవిడ చేతుల మీదుగానే పోయాయి. ఇంటికి రాగానే మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుంటేగాని మంచినీళ్ళ గ్లాసు ముట్టేది కాదు. "ఇంత అసహ్యం పెట్టుకుని ఆ పనెలా చేస్తావే?" అని భర్త అడిగితే, "అసహ్యం ఉంది కాబట్టే చేస్తున్నానండీ. అది లేనివాళ్ళకి మరక కనపడదు" అనేది.

భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఆయన అక్క కొత్త ఫ్లాటుకి మారుతూ ఒక ఆదివారం పొద్దున్న వ్యానులో తల్లినీ, ఓ మొక్కనీ వీళ్ళింటికి పంపించింది. ఇల్లు సర్దుకునే దాకా మూణ్ణెల్లు ఉంచుకోమంది. అత్తగారిని దింపడానికి ఇద్దరు సరిపోయారు. మొక్కని దింపడానికి నలుగురు కావలసి వచ్చింది.

మనిషెత్తు తీగ మొక్క అది. చేటలంత ఆకులు, కత్తెరతో చీల్చినట్టు అంచులు, మధ్యలో చిల్లులు. కొబ్బరిపీచు చుట్టిన కర్రని కరుచుకుని పైదాకా పాకింది. నాలుగేళ్ళు ఆడపడుచు హాల్లో అత్తగారి కుర్చీ పక్కనే ఉంది. వచ్చిన చుట్టాలు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగేవారు. దాని ఆకులు తిప్పి చూసిన పాపాన మాత్రం ఎవరూ పోలేదు.

మరకలమ్మ తిప్పి చూసింది. ఆకుల వెనక ఈనెల పొడుగునా తెల్లటి పిండినల్లి, నలిపిన దూదిలా. వేలితో అదిమితే పసుపుపచ్చటి రసం కారింది. ఆకుల మీద కారిన జిగురుకి చీమలు పట్టాయి. కుండీ కాస్త జరిపితే నల్లటి చిట్టి ఈగలు లేచి మొహం మీదికొచ్చాయి. వీటన్నిటి కిందా ఏదో పులిసిన కంపు.

ఫోను చేసింది. "వదినా, ఈ మొక్కకి ఏం పోసేవారు?"

"నీళ్ళే. ఇంకేం పోస్తాం? మొక్కల్ని ప్రేమగా చూడాలమ్మా, నీలా ముక్కు మూసుకుని కాదు" అంది ఆడపడుచు.

ఆ వారమంతా పని నుంచి రాగానే మరకలమ్మ స్టూలు వేసుకుని మొక్క ముందు కూర్చునేది. లాండ్రీ నుంచి తెచ్చుకున్న స్పిరిట్‌లో దూది ముంచి ఒక్కో పురుగునీ తుడిచేది. తరవాత సబ్బునీళ్ళ గుడ్డతో ఆకు ముందూ వెనకా కడిగేది. ఆకులు మెరిశాయి, చీమలు పోయాయి. కంపు మాత్రం పోలేదు.

అత్తగారు కుర్చీలోంచి చూస్తూ ఉండేది. "పైపైన తుడువు చాలు. కుండీ జోలికి పోకు, అమ్మాయ్" అనేది.

రెండో ఆదివారం మరకలమ్మ కుండీ జోలికే పోయింది. బాల్కనీలో పాత పేపర్లు పరిచి, మొక్కని పడుకోబెట్టి, కుండీ అంచు చుట్టూ కత్తి తిప్పి లాగింది. మట్టిముద్ద ఊడి వచ్చింది. తెల్లగా గట్టిగా ఉండాల్సిన వేర్లు గోధుమరంగు గుజ్జయిపోయాయి. పట్టుకుంటే తోలు చేతికొచ్చి లోపల దారంలాంటిది మిగిలింది. మట్టిలో పొరలు పొరలుగా తెల్లటి పెచ్చులు, వాటిలో కదులుతున్న పురుగులు. అలవాటు కొద్దీ ఒక పెచ్చు తీసి వాసన చూసింది.

పాలు. ఒకరోజు ఒలికినవి కావు. నెలల తరబడి, రోజూ ఒకేచోట పోసినవి.

మట్టిలో చాక్లెట్ కాగితాల ఉండలు కూడా తగిలాయి. తొమ్మిది. విప్పితే ఒక్కోదానిలో చిన్న తెల్ల మాత్ర. కొన్ని కరిగి ముద్దయ్యాయి. ఒకటి మాత్రం చెక్కుచెదరలేదు. దాన్ని కడిగి వీధి చివర మందుల షాపుకి పట్టుకెళ్ళింది. షాపాయన మాత్ర మీది అక్షరాలు చదివి, కళ్ళజోడు పైనుంచి చూశాడు.

"నిద్రమాత్రమ్మా ఇది. డాక్టరు చీటీ లేందే ఇవ్వం. మీకెక్కడిది?"

ఇంటికొచ్చి అత్తగారి ఎదురుగా కూర్చుంది. "అత్తయ్యా, ఇవి మీరే దాచారా?"

ముసలావిడ గోళ్ళు చూసుకుంటూ చెప్పింది. "మొదట్లో మీ వదిన మాత్ర చేతికే ఇచ్చేది. నాలిక కింద పెట్టుకుని, అది అటు తిరగ్గానే తీసి చాక్లెట్ కాగితంలో చుట్టి మట్టిలో గుచ్చేదాన్ని. ఎలా పసిగట్టిందో, పాలల్లో నూరి కలపడం మొదలెట్టింది. ఓరోజు వంటింట్లో గరిటె వెనకతో నూరుతుంటే కళ్ళారా చూశాను."

"ఎందుకిచ్చేది?"

"సాయంత్రాలు వాళ్ళింటికి జనం వస్తారు. నేను మధ్యలో మాట్లాడతానుట. తాగితే మర్నాడు మధ్యాన్నం దాకా తల రాయిలా ఉండేది. అందుకే మొక్కకి పోసేదాన్ని. కళ్ళు మూసుకుని పడుకుంటే, తాగాననుకునేది." తరవాత మెల్లగా అంది, "వాడికి చెప్పకు. నా కూతురి పరువు పోతుంది."

మరకలమ్మ ఆ మాత్ర భర్త ముందు పెట్టి అంతా చెప్పింది. భర్త అన్నం కంచం ముందునుంచి లేచిపోయాడు. "మా అక్క అలాంటిది కాదు. అమ్మకి మతిమరుపు. నీకేమో లోకమంతా మురికిగానే కనిపిస్తుంది" అన్నాడు. అత్తగారిని అడిగితే ఆవిడ గోడకేసి చూస్తూ, "మొక్కకి బలమని నేనే పాలు పోశాన్రా. మాత్రల సంగతి నాకేం తెలుసు" అంది.

కుండీలో చెయ్యి పెట్టినప్పటికన్నా ఆ మాటకే మరకలమ్మకి ఎక్కువ రోత పుట్టింది.

మొక్కని పారేద్దామనే అనుకుంది. పైభాగంలో మూడు కణుపులు గట్టిగా, గాలివేర్లతో పచ్చగా కనిపించాయి. స్పిరిట్‌తో తుడిచిన కత్తితో కణుపుల కిందికి కోసి, గాజు సీసాల్లో నీళ్ళు పోసి కిటికీ పక్కన పెట్టింది. మిగతాదంతా సంచిలో మూటకట్టి చెత్తబండిలో వేసింది. రోజు విడిచి రోజు నీళ్ళు మార్చేది. నీళ్ళు ఏమాత్రం జిగురెక్కినా సీసా ఉప్పు వేసి తోమేది. మూడు వారాలు తిరిగేసరికి తెల్లటి వేర్లు వచ్చాయి. అత్తగారికి పాలు కూడా ఆవిడ ఎదురుగానే కాచి, గ్లాసు ఆవిడ చేతే కడిగించి, ఆవిడ చేతే పోయించేది. ప్రేమతో కాదు. ఇంకోసారి ఏ మట్టీ కంపు కొట్టకూడదని.

ఐదో వారం ఆడపడుచు వచ్చింది. మొక్క ఏదని అడిగింది. "కుళ్ళిపోయింది, పారేశాను" అంది మరకలమ్మ.

"నాలుగేళ్ళు నేను పెంచితే నెల్లాళ్ళలో చంపావన్నమాట. సర్లే. అమ్మా, రేపు మా ఆయన ఆఫీసువాళ్ళు ఇల్లు చూడ్డానికి వస్తున్నారు. మీ అమ్మగారేరని అడుగుతారు. రెండ్రోజులుండి వద్దువుగాని, పద."

ముసలావిడ కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుంది. "నేను రాను."

"ఏమొచ్చింది నీకు?"

"రానంటే రాను." కొడుకు ఆవిడ చేతులకేసే చూస్తూ నిలబడ్డాడు.

"అక్కా, అమ్మకి నిద్రమాత్రలు ఇచ్చేదానివా?"

ఆడపడుచు కాదనలేదు. అదే ఎవరూ ఊహించనిది. "ఇస్తే ఏమైందిరా? మీరు చూశారా నాలుగేళ్ళూ? వచ్చినవాళ్ళ ముందు ఒకటే వాగుడు, చీర సరిగ్గా ఉండదు. నా ఇంట్లో నేను తలెత్తుకు తిరగొద్దా? అందరూ చేసేదే."

"దాన్నేమీ అనకురా" అంది తల్లి, కళ్ళు తుడుచుకుంటూ.

మరకలమ్మ గుమ్మంలో నిలబడి ముగ్గుర్నీ చూసింది. మందు నూరిన కూతురు, దాన్ని దాచిన తల్లి, కళ్ళెదుట మాత్ర పెట్టినా మూడు వారాలు అడగని కొడుకు. వెళ్ళి మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంది.

మూణ్ణెల్లు గడిచాయి, ఏడాది గడిచింది, అత్తగారు ఇక్కడే ఉండిపోయింది. వచ్చినవాళ్ళ ముందు నిజంగానే ఒకటే వాగుతుంది. ఎవరూ ఆపరు. భర్త ఒకరోజు "నీ మాట వినాల్సింది" అన్నాడు. "వినాల్సిందే" అని ఊరుకుంది. పెళ్ళికో పేరంటానికో ఆడపడుచు ఇంటికి వెళ్ళక తప్పదు. ఆవిడ ట్రేలో కాఫీ తెచ్చి ముందు పెడుతుంది. మరకలమ్మ కప్పు ముట్టదు. "ఇప్పుడే తాగొచ్చాను వదినా" అంటుంది.