ఎనిమిదీ చూశానన్న మాట

మా వీధి చివర కల్యాణమండపం ముందు మొన్న ఎవరో పెళ్లి ఫోటోల కోసం పాత అంబాసిడర్ కారొకటి తెచ్చి నిలబెట్టారు. కొత్తగా తెల్లరంగు వేసి, ముందు బంతిపూల దండ కట్టారు. నేను మేడ మీద మిరపకాయలు ఎండబెడుతున్నాను. ఫోటోలు తీస్తున్నంతసేపూ ఇంజను ఆపలేదు. గోడగడియారం పరుగెత్తుతున్నట్టు లోపలినుంచి టిక్కు టిక్కుమని ఒకటే చప్పుడు. మిరపకాయలు చేతిలో అలాగే పట్టుకుని పిట్టగోడ దగ్గర నిలబడిపోయాను. కోడలు పైకొచ్చి, "ఏమత్తా, అట్ల నిలబడిపోయినారు?" అంది. "ట్యాపెట్టు సద్దు. ఒకటి వదులుగా ఉండాది" అన్నాను. ఆమె నవ్వి కిందికి వెళ్లిపోయింది. ఆ చప్పుడు వినడం నాకు నేర్పిన మనిషిని ఆమె ఎప్పుడూ చూడలేదు. ఆయన పేరు దేవసహాయం. సొంత షెడ్డులో బండ్లు బాగుచేసేవాడు, తిరుపతిలో టాక్సీలు నడిపేవాళ్లందరికీ ఒట్టి మేస్త్రి.

డెబ్బైల చివర్లో మా ఆయన కామెర్లతో పోయారు. అప్పటికి నాకు ఇరవై తొమ్మిదేళ్లు, ఇద్దరు పిల్లలు. రైల్వే స్టేషన్ దగ్గర టాక్సీ స్టాండుకు ఎదురుగా మాకు మోటారు విడిభాగాల అంగడి ఉండేది. మూసేయమని మా వాళ్లంతా చెప్పారు. మూస్తే ఏం చేయాలో ఒక్కరూ చెప్పలేదు. నెల తిరక్కముందే వెళ్లి తలుపులు తీసి కూర్చున్నాను. వస్తువుల పేర్లు పెట్టెల మీద చదవడం తప్ప నాకేమీ తెలియదు. ఆ మొదటి వారంలోనే మేస్త్రి వచ్చాడు. యాభై దాటిన మనిషి, పొట్టిగా, ఖాకీ చొక్కా జేబులో ఇనుము అరగదీసే చిన్న ఆకురాయి పెట్టుకుని ఉన్నాడు. అంబాసిడర్‌కు ట్యాపెట్లు కావాలన్నాడు. పెట్టె తీసి ముందు పెట్టాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"ఇది ఏందో తెలుసునామ్మా?" అన్నాడు.

"ట్యాపెట్లు. పెట్టె మీద రాసుండాది."

"పెట్టె మీద ఉండేది పేరు. పెట్టెలో ఉండేది ఏమని అడగతాండా."

నాకు కోపమొచ్చింది, కళ్లల్లో నీళ్లూ వచ్చాయి. ఆయన అవేమీ పట్టించుకోకుండా గల్లా బల్ల మీద రెండు చేతులూ పెట్టి చెప్పడం మొదలుపెట్టాడు. ఇంజను కూడా మనిషిలాగే ఊపిరి తీసి వదులుతుందట. నాలుగు సిలిండర్లకు, తీసుకునేందుకు ఒకటి వదిలేందుకు ఒకటి చొప్పున, ఎనిమిది తలుపులు. అవే వాల్వులు. కింద క్యామ్ షాఫ్టు అనే కడ్డీ తిరుగుతుంటుంది, దాని మీద ఎద్దు మూపురాల్లాగా ఎనిమిది ఉబ్బులుంటాయి. మూపురం పైకి వచ్చినప్పుడు దాని నెత్తిన కూర్చున్న ట్యాపెట్టు లేస్తుంది, అది పైనున్న కడ్డీని నెడుతుంది, వాల్వు తెరుచుకుంటుంది. పిడికిలి తిప్పుతూ దాని మీద రెండో అరచెయ్యి ఎత్తి దించుతూ ఆయన చూపించిన ఆ ఆట చూసి, ఏడుపు మరిచిపోయి నేనూ నా పిడికిలి తిప్పాను. "అంతేమ్మా. అర్థమైపాయ. ఇంక దీంట్లో మంచిదేదో చెడ్డదేదో సూసేది నేర్సుకో" అన్నాడు.

అది నేర్చుకోవడానికి ఒక వానాకాలం పట్టింది. ట్యాపెట్టు అడుగు చదునుగా కనిపిస్తుంది కానీ చదును కాదు. మధ్యలో తలవెంట్రుకంత ఉబ్బు ఉంటుంది. ఆ ఉబ్బు ఉంటేనే అది మూపురం మీద తనంతట తాను తిరుగుతూ అన్ని వైపులా సమంగా అరుగుతుంది. అందుకని రెండింటిని అడుగుకు అడుగు ఆనించి పట్టుకుంటే కొంచెం ఊగాలి. ఊగకపోతే పక్కన పెట్టేయాలి. తర్వాత అంచు మీద ఆకురాయి ఒకసారి మెల్లగా లాగాలి. జారిపోతే గట్టి లోహం, పట్టుకుని పొడి రాలితే మెత్తది. చివరిగా నూనెలో ముంచి తన గాడిలో వదిలితే దాని బరువుకు అదే నిదానంగా దిగాలి. దభీమని పడినా, మధ్యలో ఇరుక్కున్నా పనికిరాదు. ఈ మూడో పరీక్ష కోసం పగిలిపోయిన పాత ఇంజను ముక్క ఒకటి కోయించి తెచ్చి మా బల్ల మీద పెట్టాడు. మద్రాసు నుంచి సరుకు వచ్చినప్పుడల్లా పక్కన నిలబడి నాచేత అన్నీ చేయించేవాడు. నేను తొందరపడితే ఒక్క మాటా అనేవాడు కాదు, నేను పక్కన పెట్టినదాన్ని మళ్లీ నా చేతిలో పెట్టేవాడు.

ఒకసారి వడమాలపేట నుంచి ఒక పెద్ద రైతు వచ్చాడు. ఆయన దగ్గర వాళ్ల నాయన కాలంనాటి పెద్ద విదేశీ కారుంది. దాంట్లో ట్యాపెట్లు కొట్టుకుంటున్నాయి, అన్నీ తీసేసి మామూలు గట్టి ట్యాపెట్లు వేయించాలని వచ్చాడు. నాకు పెద్ద బేరం. ఎక్కడినుంచైనా తెప్పించి ఇస్తానని చెప్పబోతున్నాను. అక్కడే ఉన్న మేస్త్రి అడ్డుపడ్డాడు. "మీ బండిలో ఉండేవి నూనె ట్యాపెట్లప్పా. లోపల నూనె నిండి, సందు లేకుండా వాటంతట అవే సర్దుకుంటాయి. గట్టివి ఏయాలంటే దానికి తగిన క్యామ్, పైన సందు సరిచేసే మరలు, అన్నీ మార్సాల. అవన్నీ ఎందుకు? నూనె ఎప్పుడు మార్సినారు?" అన్నాడు. రైతుకు గుర్తు లేదు. నూనె మార్చి, ఆ ట్యాపెట్లు విప్పి కడిగి, ఏది ఎక్కడ ఉన్నదో అక్కడే తిరిగి వేస్తే చాలన్నాడు. రైతు వెళ్లిపోయాక నేను ముఖం ముడుచుకున్నాను. ఆయన నావైపు చూసి, "అంగట్లో ఉండేది అమ్మడం కాదమ్మా, బండికి ఏం కావాల్నో అది చెప్పడం. ఆ మనిషి ఇంక వేరే అంగడికి పోడు సూడు" అన్నాడు. అలాగే జరిగింది. ఆ రైతు వల్ల ఎందరు మా అంగడికి వచ్చారో. మేస్త్రి ఇలా ఇచ్చిన మనుషులతోనే నా అంగడి నిలబడింది. అది నాకు తెలుసు. తెలిసి కూడా ఆ తర్వాతి పని చేశాను.

మూడో ఏడు, తమిళులు పెరుమాళ్ల నెల అనుకునే పురటాసి. తమిళనాడు నుంచి కొండకు వచ్చే జనంతో ఊరు నిండిపోయింది. అప్పుడే మేస్త్రి ఒక జీపును హ్యాండిల్ తిప్పి స్టార్టు చేయబోతే అది వెనక్కి తన్ని కుడి మణికట్టు విరిగింది. విరిగిన ఎముకల కట్టుకు పేరుపడ్డ పుత్తూరు పోయి కట్టు కట్టించుకుని వచ్చాడు. సరిగ్గా ఆ వారమే మునిరత్నం ఇంజను ఆయన షెడ్డులో విప్పి ఉంది. మునిరత్నం స్టాండులో టాక్సీ నడిపేవాడు, నన్ను అక్కా అని పిలిచేవాడు. ఆ ఒక్క బండి మీదే వాళ్ల ఇల్లు గడిచేది. కొత్త క్యామ్ వేస్తున్నాం కాబట్టి ట్యాపెట్లు కూడా కొత్తవే కావాలని మేస్త్రి కబురు పంపాడు. "నా సెయ్యి పనికిరాదు ఇప్పుడు. నువ్వే సూసి పంపు" అని చెప్పించాడు.

ఆ పొద్దున బల్ల ముందు జనం మూడు వరుసలున్నారు. పెట్టె తెరిచి పైనున్న రెండు తీశాను. ఊపి చూశాను, ఆకురాయి లాగాను, గాడిలో వదిలాను. రెండూ మంచివి. ఒకే పెట్టె, ఒకే సరుకు కదా అనుకున్నాను. మిగిలిన ఆరింటిని ముట్టుకోకుండా మూత పెట్టి పక్కకు జరిపాను. సాయంత్రం మేస్త్రి కట్టు చేత్తోనే స్వయంగా వచ్చాడు.

"ఎనిమిదీ సూసినావామ్మా?"

"సూసినాను మేస్త్రీ" అన్నాను. ఎందుకలా అన్నానో ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. రెండే చూశానని చెబితే ఆయన తిట్టేవాడు కాదు. అక్కడే కూర్చుని మిగిలినవి చేయించేవాడు, అంతే. ఆయన ముందు తక్కువగా కనిపించడం ఇష్టంలేక అన్నాను. ఆయన "సరే అయితే" అని పెట్టె చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. మూత తెరిచి చూడలేదు. నా మాట నమ్మి, షెడ్డులో దగ్గర నిలబడి పనివాళ్లచేత వాటిని అలాగే బిగింపించాడు.

రెండు నెలలకు మునిరత్నం కారు కొండ ఎక్కుతూ ఒక మలుపులో బలం చాలక ఆగింది, వెనక్కి జారింది. వెనక చక్రం పిట్టగోడకు తగిలి నిలబడబట్టి సరిపోయింది. లోపలున్న ఒక ముసలామె నుదురు చిట్లింది. ఇంజను విప్పితే క్యామ్ మీద మూడు మూపురాలు అరిగి, వాల్వులు తెరవలేనంత గుండ్రంగా అయిపోయి ఉన్నాయి. మునిరత్నం ఆ ట్యాపెట్లన్నీ ఒక డబ్బాలో వేసుకుని స్టాండుకు వచ్చి, మేస్త్రిని పిలిపించి, అందరి ముందూ డబ్బా నేల మీద కొట్టాడు.

"కొత్తవని సెప్పి పాతవి ఏసినావు గదా! నీకు నేనేం తక్కువ చేసినా? ఆ ముసలామె సచ్చిపోయింటే ఎవురు దిక్కు?"

మేస్త్రి వంగి ఎడమచేత్తో ఒకటి తీసుకున్నాడు. చేతి కట్టు అప్పటికి విప్పేశారు కానీ మణికట్టు కొంచెం వంకరగానే అతుక్కుంది. జేబులోంచి ఆకురాయి తీసి అంచు మీద లాగాడు. పొడి రాలడం నాకు అంగట్లోంచి కనిపించలేదు గానీ ఆయన వేళ్లు తుడుచుకోవడం కనిపించింది. ఎవరో అడిగారు, "అంగడి సరుకు సెడ్డదేమో మేస్త్రీ?" అని. ఆయన మా అంగడివైపు తల తిప్పలేదు. "అంగడామె ఏం చేస్తాది? బిగించింది నా షెడ్లో. సూసుకోవాల్సింది నేను. తప్పు నాదే" అన్నాడు. ఆ మాట వీధి దాటి నాకు స్పష్టంగా వినిపించింది. నేను లోపలి గదిలోకి పోయి, ఏదో వెతుకుతున్నట్టు అరల వైపు తిరిగి నిలబడ్డాను.

మరుసటి రోజు ఆయన మునిరత్నం బండికి మళ్లీ ట్యాపెట్ల కోసం మా అంగడికే వచ్చాడు. వేరే అంగడికి పోతాడనుకున్నాను, పోతే బాగుండుననీ అనుకున్నాను. పెట్టె తీసి ఇచ్చాను. ఆయన దాన్ని వేలితో నావైపు తోశాడు. "నువ్వే సూసియ్యి" అన్నాడు. ఒక్కొక్కటీ తీసి చూశాను. ఒకటి చేయి జారి కింద పడింది. ఆయన తీసి నా చేతిలో పెట్టాడు. ఎనిమిదీ అయ్యేదాకా ఎదురుగా నిలబడి ఉన్నాడు. అంగట్లో మేమిద్దరమే. చెప్పడానికి అంతకంటే మంచి గడియ నాకు దొరికేది కాదు. అది బయటపడితే స్టాండు మొత్తం నన్ను వదిలేస్తుంది, పిల్లల చదువులు ఆగిపోతాయి, ఇదే నా తలలో తిరిగింది. పెట్టె మూసి ఇచ్చాను. "వస్తామ్మా" అని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత స్టాండు వాళ్లు ఆయన షెడ్డుకు పోవడం తగ్గించారు. పాతవి వేసి కొత్తవి దాచుకునే మనిషని ఒకరి నుంచి ఒకరికి పాకింది. ఏడాది తిరిగేసరికి షెడ్డు మూసేసి, భార్య వాళ్లన్న ఉండే పులికాట్ సరస్సు ఒడ్డుకు పోయాడని, అక్కడ పడవల ఇంజన్లు బాగుచేస్తున్నాడని విన్నాను. పోయేముందు మా అంగడికి రాలేదు. నేనూ షెడ్డుకు పోలేదు.

నాలుగేళ్లు గడిచాక వెళ్లాను. సూళ్లూరుపేటలో బస్సు మారి, దిగి, అడుగుతూ అడుగుతూ నీళ్ల అంచుదాకా నడిచాను. ఒడ్డుకు లాగిన పడవ పక్కన గోనెపట్టా మీద కూర్చుని ఇంజను మూత బిగిస్తున్నాడు. జుట్టంతా నెరిసింది. నన్ను చూసి, "ఎండన పడి వస్తివే, కూర్సో" అని భార్యను పిలిచి మజ్జిగ ఇప్పించాడు. పిల్లల సంగతి అడిగాడు. గ్లాసు కింద పెట్టి, దారంతా మనసులో కూర్చుకున్న మాటలన్నీ మరిచిపోయి, "ఆ పొద్దు నేను రెండే సూసినాను మేస్త్రీ" అన్నాను.

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"ఆకురాయి ఏసినప్పుడే. నువ్వు సూసింటే అది నీ చెయ్యి దాటి వచ్చేది కాదు. నేను నేర్పించింది నాకు తెలవదామ్మా?"

ఏడుపు ఆపుకోలేకపోయాను. మరి అందరి ముందూ ఎందుకు చెప్పలేదని అడిగాను. "నువ్వు చెప్తావని సూసినా. మర్నాడు అందుకే వస్తి" అన్నాడు. అందులో కోపం లేదు. కోపముంటే భరించడం తేలికయ్యేది. నేను లేచేటప్పుడు ఇంకొక్క మాట అన్నాడు. "నాకు చెప్పేదానికి ఇంత దూరం వచ్చినావు. టాక్సీ స్టాండు నీ అంగడికి ఎదురుగానే గదమ్మా ఉండేది."

తిరిగి వచ్చిన మర్నాడే మునిరత్నాన్ని పిలిచి చెప్పాను. అప్పటికి అతను వేరే బండి కొనుక్కున్నాడు. మొదట నవ్వబోయాడు, తర్వాత ముఖం పాలిపోయింది. "ఆ పెద్దాయన్ని నేను ఎన్ని మాటలంటి అక్కా! అవన్నీ ఇప్పుడు ఎట్ల వెనక్కి తీసుకునేది?" అన్నాడు. ఆ ఆదివారం బండి వేసుకుని పులికాట్ పోయివచ్చాడు. మేస్త్రి ఏమన్నాడో నాకు చెప్పలేదు. ఆ తర్వాత మా అంగడి మెట్లెక్కలేదు, నన్ను అక్కా అని పిలవలేదు. స్టాండులో మిగిలినవాళ్లకు అతనే చెప్పాడు. వాళ్లలో సగం మంది కొత్తవాళ్లు, దేవసహాయం ఎవరో వాళ్లకు తెలియదు. తెలిసినవాళ్లు తలూపి ఊరుకున్నారు. ఎవరూ పోయి ఆయన్ని తీసుకురాలేదు. ఆయనా తిరిగి రాలేదు.

నా అంగడికి ఏమీ కాలేదు. అప్పటికి చుట్టుపక్కల ఊళ్లలో పేరు వచ్చేసింది, స్టాండు బేరం లేకున్నా నడిచేది. నిజం ఒప్పుకున్నావు, ధైర్యస్తురాలివి అని మా చెల్లెలు ఒకసారి అంది. ఒప్పుకున్న మాట నిజమే. కానీ ఒప్పుకుంటే నాకు పోయేదేమీ లేని రోజు వచ్చేదాకా ఆగి ఒప్పుకున్నాను. అన్ని రోజులూ ఒక మంచి పనివాడు నా తప్పును తన పేరు మీద మోశాడు. నా వయసు ఇప్పుడు అప్పటి ఆయన వయసును ఎప్పుడో దాటిపోయింది. అయినా ఎవరైనా నన్ను నమ్మి ఒక మాట అడిగితే, జవాబు నోటికి రాకముందు ఒక్క క్షణం ఆగుతాను. ఆ క్షణంలో, కట్టు కట్టిన చేత్తో ఒక మనిషి మూత తెరవకుండానే పెట్టె తీసుకుని వెళ్లిపోతూ కనిపిస్తాడు.