నాయనమ్మ పెట్టిన ముహూర్తం

నా చిన్నప్పుడు, నాకు పదేళ్ళు దాటిన ఏడు, మా పక్కింటి అక్కను కాకి ముట్టుకుందని చెప్పారు. ఎనిమిదో తరగతి చదువుతున్న ఆ అక్క ఒకరోజు పుస్తకాల సంచిని వెనక అడ్డం పెట్టుకుని, ఏడుస్తూ బడి మధ్యలోనే ఇంటికి వచ్చింది. ఆ తర్వాత చాలా రోజులు గడప దాటలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి పలకరించబోతే వాళ్ళమ్మ నన్ను అదిలించి పంపేసింది. ఏమైందని పెద్దవాళ్ళలో ఎవరిని అడిగినా కాకి మాటే చెప్పారు. వేసవి సెలవులు అయిపోయి బడి తెరిచినా అక్క రాలేదు. మరుసటేడు పెళ్ళి చేసి పంపించారు. కాకి ముట్టుకుంటే ఆడపిల్లకు చదువు పోతుందని నేను గట్టిగా నమ్మాను. ఎవరూ చెప్పకపోయినా, చూసినదాన్ని బట్టి నాకు నేనే అలా అర్థం చేసుకున్నాను.

మాది చిలకలూరిపేటకూ అద్దంకికీ మధ్య నల్లరేగడి పల్లె. పత్తి, మిరప తప్ప ఇంకో పైరు గురించి పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కాదు. ఊరంతటికీ ఒకే ఒక ఎస్టీడీ బూత్ ఉన్న రోజులవి. నేను ఏడో తరగతికి వచ్చేసరికి మా కౌలు చేలో మిరప బాగా కాసింది. మాఘమాసంలో కాయలు కోయించి కల్లంలో ఆరబోశారు. బడి లేని రోజుల్లో నేనూ అమ్మతో కల్లానికి వెళ్ళి, రంగు తేలిపోయిన తాలు కాయలు ఏరేదాన్ని. చేతులు భగ్గున మండేవి. అయినా ఆ ఎర్రటి పరుపు పక్కన అమ్మ దగ్గర కూర్చోవడం నాకు ఇష్టంగా ఉండేది.

ఒక మధ్యాహ్నం కాకి ఒకటి మా తలల మీదుగా ఎగిరింది. నేను రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుని కాయల మీద కప్పే పట్టా కిందికి దూరాను. కారం చేతులు నుదుటికి తగిలి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. అమ్మ నీళ్ళ బిందె తెచ్చి నా ముఖం కడిగి, ఎందుకలా చేశావని అడిగింది. బడి మానేయాల్సి వస్తుందేమోనని భయం వేసిందని చెప్పాను. అమ్మ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నా చేతులు కూడా కడిగి నన్ను నీడకు పంపింది. ఆ రోజు నాకేమీ చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో తర్వాత తెలిసింది. చెప్పడానికి ఆమె దగ్గర మాటలు లేవు. మా ఊరికి పిల్లలకు టీకాలు వేయడానికి వచ్చే నర్సమ్మను పట్టుకుని, ఆడపిల్ల ఒంట్లో ఏం జరుగుతుందో, పిల్లలకు దాన్ని ఎలా చెబితే అర్థమవుతుందో అడిగి తెలుసుకుందట. తాను ఇద్దరు బిడ్డల తల్లి అయి ఉండి కూడా, సిగ్గుపడకుండా చిన్నపిల్లలా అడిగిందట.

మళ్ళీ వారం కల్లంలో ఇద్దరమే ఉన్నప్పుడు మొదలుపెట్టింది. అమ్మ పుట్టిల్లు పొదిలి అవతల. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆ వైపు మాట పోలేదు.

"కాకీ లేదు, గీకీ లేదు. చెబుతా విను. చేయి మాత్రం ఆపబాక," అంది.

ఇద్దరం తలలు వంచుకుని కాయలు ఏరుతున్నాం. ఒకరి ముఖం ఒకరు చూసుకోనక్కర్లేదు. చేయి ఎందుకు ఆపవద్దందో ఇప్పుడు తెలుస్తోంది గానీ అప్పుడు తెలియలేదు. ఆడపిల్ల కడుపులో బిడ్డ పెరగడానికి చిన్న సంచి ఉంటుందని, పిల్ల ఎదిగేకొద్దీ అది నెలనెలా లోపల మెత్తగా సిద్ధమవుతుందని, బిడ్డ లేనప్పుడు ఆ మెత్తదనమంతా నెత్తురుగా బయటికి వస్తుందని చెప్పింది. కొన్ని రోజులు వచ్చి ఆగిపోతుంది, మళ్ళీ నెలకు వస్తుంది, పొత్తికడుపులో నొప్పిగా ఉండవచ్చు, ఊరికే ఏడుపు రావచ్చు అంది. నేను ఒకే ఒక్క ప్రశ్న అడిగాను, నీకూ వస్తుందా అని. వస్తుందని చెప్పింది. అంటే నేను చూస్తుండగానే, మిరప కోసేటప్పుడూ, నీళ్ళు మోసేటప్పుడూ, మాకు అన్నం పెట్టేటప్పుడూ అమ్మకు అలా జరుగుతూనే ఉందన్నమాట. నా భయం సగం అక్కడే పోయింది.

"నెత్తురు కనపడితే దెబ్బ తగిలిందనుకోబాక. జబ్బనుకోబాక. నీ ఒళ్ళు సరిగ్గా ఎదగతా ఉందని అర్థం," అంది చివర్లో.

చెప్పి వదిలేసి ఉంటే ఆమె మా అమ్మ ఎలా అవుతుంది? మెత్తబడిన పాత నూలుచీర ఒకటి చింపి, ఉతికి, మడతలు పెట్టి, ఎలా కట్టుకోవాలో చూపించింది. ఆ గుడ్డలను నాయనమ్మ కాలం ఆడవాళ్ళు వేరే బట్టల కింద దాచి, చీకటి మూలల్లో ఆరేసేవాళ్ళు. అమ్మ పెరట్లో తీగమీద, మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆరేసింది. నాయనమ్మ గొణిగింది. ఎండ పడకపోతే పుండ్లు పడతాయని నర్సమ్మ చెప్పిందని అమ్మ నెమ్మదిగా జవాబిచ్చింది.

తర్వాత ఆమె చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఇంకా ఏమీ రాకముందే, ఒక శనివారం ఆ గుడ్డ కట్టించి నన్ను బడికి పంపింది. ఆటల పీరియడులో కో కో కూడా ఆడి రమ్మంది. మొదటి పీరియడంతా కొయ్యబొమ్మలా కూర్చున్నాను. అందరూ నన్నే చూస్తున్నారనిపించింది. ఎవరూ చూడలేదు. కో కోలో పరిగెత్తాను, పడ్డాను, లేచాను. సాయంత్రం ఇంటికి రాగానే అమ్మ పొయ్యి దగ్గర నుంచే కళ్ళతో అడిగింది. జారలేదని చెప్పాను. పరీక్షలో మొదటి మార్కు తెచ్చుకున్నా అమ్మ ముఖం అంతగా వెలిగేది కాదేమో. పేటలో మందుల షాపు నుంచి కాగితంలో చుట్టించి ఒక ప్యాడ్ల ప్యాకెట్ కూడా తెప్పించి, ఎలా వాడాలో చెప్పి, బయటి ఊళ్ళకు వెళ్ళేటప్పుడు వాడుకోమని నా సంచి అడుగున పెట్టింది.

ఏడో తరగతి పరీక్షలు మా మండలం హైస్కూల్లో జరిగాయి. లెక్కల పరీక్ష రోజు ఉదయం, ఇంకా గంట కొట్టకముందు, నాకు వచ్చింది. కడుపులో ఏదో మెలితిప్పినట్టుంటే దొడ్డివైపు వెళ్ళి చూసుకున్నాను. ఆ వెంటనే చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. సంచి అడుగున ప్యాకెట్ ఉంది, దాన్ని ఎలా వాడాలో తెలుసు. ముఖం కడుక్కుని వెళ్ళి నా నెంబరు వేసిన బల్ల దగ్గర కూర్చున్నాను. లెక్కలన్నీ చేశాను.

బస్సు దిగి ఇంటికి పోకుండా నేరుగా కల్లానికి వెళ్ళాను. అమ్మ చివరి కోత కాయలు బస్తాలకెత్తుతోంది. వచ్చిందమ్మా, అన్నాను. ఏం వచ్చిందని ఆమె అడగలేదు. దగ్గరకు తీసుకోవాలంటే రెండు చేతులకూ కారమే. అందుకని అరచేతులు దూరంగా పట్టుకుని, మోచేతులతోనే నన్ను దగ్గరికి లాక్కుని నా పాపిట మీద ముద్దు పెట్టింది. పరీక్ష బాగా రాశావా అని ఆ తర్వాత అడిగింది.

అసలు పరీక్ష ఇంటి దగ్గర ఎదురైంది. ఇంకా సైన్సు, సోషలు మిగిలి ఉన్నాయి. మా ఇంట్లో ఆచారాల విషయంలో నాయనమ్మ మాటకు తిరుగు లేదు. సమర్తాడిన పిల్లను మూలన చాప వేసి కూర్చోబెట్టాలి, మైల తీరి తలంటు పోసేదాకా గడప దాటనివ్వకూడదు. మా మేనత్తలు అలాగే కూర్చున్నారు. పక్కింటి అక్కా అలాగే కూర్చుంది. అమ్మ నాయనమ్మ దగ్గర ఏదీ దాచలేదు. ఉన్న సంగతి చెప్పి, ఆ పక్కనే ఇంకో మాట కూడా చెప్పింది. ఆమె అత్తగారికి ఎదురు నిలబడి మాట్లాడటం నేను చూసింది ఆ రోజే.

"అత్తయ్యా, మీరు ఏం చేయమన్నా చేస్తా. పిల్ల మాత్రం పరీక్షలు మానదు."

నాయనమ్మ నన్ను పిలిచింది. చేతికందేంత దూరంలో నిలబెట్టి, భయమేసిందా అని అడిగింది.

"లేదు నాయనమ్మా. అమ్మ ముందే చెప్పింది."

"మరి పరీక్ష?"

"రాశా. అన్నీ చేశా."

నాయనమ్మ అమ్మవైపు చాలాసేపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఏముందో ఆ వయసులో నేను పోల్చుకోలేకపోయాను. తర్వాత గూట్లో ఉన్న పంచాంగం తెమ్మంది. ఆమెకు చదువు రాదు. నన్నే చదవమంది. పరీక్షలు ఏ రోజు అయిపోతాయో అడిగి, ఆ రోజు నుంచి ఒక్కొక్క రోజే తిథి, నక్షత్రం చదివించింది. నక్షత్రం బాగుంటే వారం నచ్చేది కాదు, వారం బాగుంటే వర్జ్యం అడ్డొచ్చేది. వేలు పెట్టి నేను చదువుతుంటే కళ్ళు మూసుకుని విన్నది. చివరికి రోహిణి వచ్చిన చోట ఆగమంది.

"ఇదే. ఆ రోజు పొద్దున్నే అయ్యావు నువ్వు. మనం ఎప్పుడు చెబితే అప్పుడే అయినట్టు. అప్పటిదాకా నోరు జారమాక. వంటింట్లోకీ, దేవుడి గూటి దగ్గరికీ మాత్రం రామాక."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. ఏడ్చిందో, నవ్విందో నాకు తెలియదు. రెండూ అయి ఉంటుంది.

మిగిలిన పరీక్షలు రాశాను. నాయనమ్మ చెప్పిన రోజు ఉదయం, ఆమె చెప్పిన వేళకు, ఊరందరి లెక్కలో నేను పెద్దమనిషినయ్యాను. పురోహితుడు వచ్చి నక్షత్రం చూసి, ఇంత మంచి ఘడియ వందమందిలో ఒకరికి రాదని మెచ్చుకున్నాడు. అంతా పైవాడి దయ అంటూ నాయనమ్మ దణ్ణం పెట్టుకుంది. పేరంటానికి వచ్చినవాళ్ళు నా నోట్లో చిమ్మిలి ఉండలు పెడుతూ అదృష్టజాతకురాలినన్నారు. నవ్వు ఆపుకోలేక నేను తల వంచుకుంటే సిగ్గుపడుతున్నానని మురిసిపోయారు. బడి తెరిచిన రోజు కొత్త పుస్తకాల సంచి నా భుజానికి తగిలించింది నాయనమ్మే. పోయేదాకా ఆమె ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆచారం మీద ఆమెకున్న గురి చిన్నదేమీ కాదు. నాకోసం దాన్ని తన చేతులతోనే పక్కకు జరిపింది.

మొన్నామధ్య మా అమ్మాయికి పదేళ్ళు నిండాయి. ఉతికిన బట్టలు ఇద్దరం మడతలు పెడుతూ ఉండగా చెప్పాను. అది శ్రద్ధగా విని, నీకెవరు చెప్పారమ్మా అని అడిగింది. అమ్మమ్మ అన్నాను. మరి అమ్మమ్మకు? ఎవరూ చెప్పలేదన్నాను. ఎవరూ చెప్పకపోతే, చెప్పాలని ఆమెకెలా తెలిసిందంది. ఆ సాయంత్రం అమ్మకు ఫోన్ చేసి అదే ప్రశ్న అడిగాను.

అమ్మ చెప్పింది. పదకొండేళ్ళప్పుడు కూలివాళ్ళతో పత్తి తీయడానికి వెళ్ళిందట. చేను మధ్యలో నెత్తురు చూసుకుని, ఇక చచ్చిపోతున్నానని అనుకుందట. ఎవరికీ చెప్పుకోలేక మొక్కల మధ్య ఒదిగి కూర్చుని, పొద్దువాలేదాకా ఏడ్చిందట.

"అప్పుడే అనుకున్నా," అంది. "నేను బతికితే, నాకు కూతురు పుడితే, దానికి ముందే చెప్పాలని."

చావు దగ్గరికి వచ్చిందనుకున్న వేళ, ఇంకా పుట్టని నా గురించి ఆలోచించింది ఆ పసిపిల్ల. నేను చదువుకున్నాను, ఉద్యోగం చేస్తున్నాను, నలుగురిలో మాట్లాడుతున్నాను. ఎక్కడికి వెళ్ళినా నా గురించి నాలుగు ముక్కలు చెప్పమంటే చదువు గురించో, ఉద్యోగం గురించో చెబుతాను. లోపల మాత్రం ఒక్కటే అనుకుంటాను. పత్తిచేలో ఒంటరిగా కూర్చున్న ఆ పిల్ల కూతుర్ని నేను.